300 ఇళ్ల ఊరికి మురుగునీటి ప్లాంటు అవసరమా?

నల్లాలు వచ్చినప్పటి నుంచి మీ వీధుల్లో బురద తగ్గడం లేదని, 300 ఇళ్ల ఊరికి శుద్ధి ప్లాంటు కట్టించమంటారా అని అడిగారు. మాది సిద్దిపేట వైపు, దాదాపు అంతే ఊరు. వార్డు మెంబరుగా ఈ పని వెంట తిరిగాను. ప్లాంటు జోలికి ఇప్పుడే పోకండి. కట్టడానికి డబ్బు దొరికినా, ఏళ్ల తరబడి కరెంటు బిల్లు, చూసుకునే మనిషి జీతం చిన్న పంచాయతీ మోయలేదు.

జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. అందులో సుమారు 180 లీటర్లు స్నానానికి, గిన్నెలకు, బట్టలకు వాడిన నీరుగా బయటికొస్తాయి. అంత నీటిని ఇంటి ఇంకుడు గుంతే తీసుకుంటుంది. 300 ఇళ్లవీ మోరీలో కలిపారంటే రోజుకు 54 వేల లీటర్ల మురుగు, అది చేరేది చెరువులోకే.

మేమూ మొదట దెబ్బతిన్నాం. ఉపాధి హామీ కింద గుంతలు తవ్వించి, రాళ్లు, కంకర నింపి వదిలేశాం. ఏడాది తిరక్కముందే మా ఇంటి గుంత పొంగింది. తవ్వి చూస్తే కంకర సందుల్లో సబ్బు జిగురు, అన్నం మెతుకులు, గిన్నెలు తోమిన బూడిద. నీళ్లు దిగే దారే లేదు. చాలా బాధేసింది, ఇంటింటికీ తిరిగి ఒప్పించింది నేనే కదా.

లోపం ఒక్కటే, గుంతకు ముందు మడ్డి ఆగే తొట్టి కట్టలేదు. గిన్నెలు కడిగే జాలారు దగ్గర జాలీ పెట్టి, అడుగున్నర లోతు తొట్టి కట్టి, దాని పైభాగం నుంచి గుంతలోకి పైపు వేయాలి. మెతుకులు, మడ్డి అడుగున ఆగుతాయి. వారానికోసారి తీసేయాలి. మా అత్తమ్మ ప్రతి శనివారం తీసి పెంటకుప్పలో వేస్తుంది. మళ్లీ గుంత పొంగలేదు. అయినా మా వాడ వాళ్లు నమ్మింది మా సిద్దిపేట జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపూర్ ఊరికి వెళ్లి ఇంటింటి గుంతలు కళ్లారా చూసొచ్చాకే. మీవాళ్లనూ అలా ఎక్కడికైనా తీసుకెళ్లండి.

తవ్వేముందు నేల చూడండి. అడుగు లోతు గుంత తీసి నీళ్లు పోయండి. మొరం నేలయితే త్వరగా ఇంకుతాయి. నల్లరేగడిలో గంటల తరబడి నిలుస్తాయి, అక్కడ ఈ గుంతలు పనికిరావు. పెరడుంటే అరటి, మెట్టతామర పాదులకు మళ్లించండి. చోటు లేని ఇరుకు వాడల నీటికి మాత్రం ఊరి చివర, నీరు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారుతూ తేటపడేలా వరుసగా కుంటలు తవ్వుకోవచ్చు, వాటికి మోటార్లు అక్కర్లేదు.

మరుగుదొడ్డి నీటిని ఈ గుంతలో అస్సలు కలపకండి. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటికి వేరే గుంత ఉండాలి, మోరీలోకి వదలకూడదు. ఏ గుంతయినా తాగునీటి బావికి, బోరుకు కనీసం 33 అడుగుల దూరంలో తవ్వండి.

ఖర్చుకు పంచాయతీ కార్యదర్శిని ఉపాధి హామీ, స్వచ్ఛభారత్ పనుల గురించి అడగండి. మీది ఏ నేలో, బోర్లలో నీరు ఎంత లోతులో ఉందో రాస్తే, మీ ఊరికి ఏది కుదురుతుందో ఇంకొంచెం వివరంగా చెబుతాను.