ఆరు సైట్లలో ఉన్నంత మాత్రాన నిజమైపోదు

డిగ్రీ ప్రాజెక్టు కోసం నెట్‌లో వెతికితే వందల వ్యాసాలు వస్తున్నాయి, వాటిలో ఏది నమ్మాలో ఎలా తెలుస్తుందని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నేను చూసినంతలో గూగుల్ మొదటి పేజీ దాటే పిల్లలు లేరు. ఇప్పుడు అది కూడా మానేసి చాట్‌జీపీటీని అడుగుతున్నారు. అదిచ్చే రిఫరెన్సులు ముచ్చటగా ఉంటాయి. రచయిత, పత్రిక, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ ఉంటాయి, తీరా వెతికితే కొన్నిసార్లు అలాంటి వ్యాసమే ఉండదు. డీఓఐ నంబరు, అంటే ఒక్కో వ్యాసానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేసి చూడండి. ఏదో ఒకటి తెరుచుకుంది కదా అని సంబరపడకుండా వ్యాసం పేరు కూడా సరిచూసుకోండి. వేరేవాళ్ల నంబరు తెచ్చి తగిలించడం చాట్‌జీపీటీకి మామూలే.

కిందటేడు బీఏ ఫైనలియర్ అమ్మాయి ఒకతె 1908 మూసీ వరదల మీద ప్రాజెక్టు చేసింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఈ ఊళ్లో అందరూ చెప్పుకునేదే. ఆ ఒక్క వాక్యానికి ఆరు రిఫరెన్సులు పెట్టింది. "ఇన్నిచోట్ల ఉంది కదా మేడమ్, ఇంకేం చూడాలి?" అంది. కుర్చీ లాక్కుని కూర్చోమన్నాను.

ఒక్కోటీ తెరిచాం. రెండు బ్లాగుల్లో ఆ పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అఫ్జల్‌గంజ్ స్పెల్లింగు తప్పు కూడా రెండింట్లోనూ అలాగే ఉంది! వాటికి మూలం ఒక పర్యాటక సైటు. ఆ సైటువాళ్లేమో ఒక పేపర్లో వచ్చిన ఆదివారం వ్యాసం లింకు ఇచ్చారు. ఆ వ్యాసంలో "అని చెబుతారు" అని ఉంది. ఎవరు చెబుతారో లేదు. ఐదోది యూట్యూబ్ వీడియో, దాని గురించి మాట్లాడుకోవడం దండగ. ఇక మిగిలింది పేరులో 'ఇంటర్నేషనల్ జర్నల్' అని ఉన్న పత్రికలో వ్యాసం. అమ్మాయి ముఖం కాస్త వెలిగింది. చివరిదాకా స్క్రోల్ చేస్తే దాని రిఫరెన్సు మళ్లీ ఆ పర్యాటక సైటే.

ఆ జర్నల్ హోమ్‌పేజీ చూడాలి మీరు. మూడు రోజుల్లో ప్రచురణ గ్యారంటీ అట. పక్కనే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని వ్యాసాల్ని సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే లెక్క) అని మిలమిల మెరిసే బొమ్మ, కింద ఫీజు కట్టడానికి క్యూఆర్ కోడ్. ఒకే సంచికలో చరిత్ర, పశువైద్యం, మార్కెటింగ్. "ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా మేడమ్" అంది. ఐఎస్ఎస్ఎన్ పత్రికకి గుర్తింపు సంఖ్య మాత్రమే, లోపలి సరుకుకి ఎవరూ పూచీ ఉండరు. అసలు డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే ఈ వ్యాపారం మన ఊరికి కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన ఓమిక్స్ అనే పత్రికల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మనవైపు చూస్తే, మంచి పత్రికలివీ అని యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ పెట్టిన కేర్ జాబితా ఉండేది, 2025లో దాన్నీ ఎత్తేశారు. ఇక పిల్లలు ఎవర్ని అడగాలి?

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఎంతమంది రాశారో లెక్కపెట్టకండి, మొదట ఎవరు రాశారో, వాళ్లకెలా తెలిసిందో పట్టుకోండి. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద దాన్ని ఎవరెవరు ఉదహరించారో లింకు ఉంటుంది, అది నొక్కండి. పక్కనే అన్ని వెర్షన్లు చూపించే లింకులో చాలాసార్లు ఉచిత పీడీఎఫ్ దొరుకుతుంది. శోధ్‌గంగ అనే సైటులో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు చాప్టర్ల వారీగా ఉన్నాయి. థీసిస్ మొత్తం చదవలేకపోతే చివర గ్రంథసూచి చదవండి, సగం పని అయిపోతుంది.

డబ్బు కట్టాల్సిన పత్రికల సంగతి వేరే. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 మంది ప్రచురణకర్తల పత్రికలు దాదాపు 13,000 వస్తున్నాయి. అయితే అవి ప్రభుత్వ సంస్థలకే. మా ప్రైవేటు కాలేజీ పిల్లలేం పాపం చేశారో నాకు అర్థం కాదు. అలాంటి వ్యాసం కావాలంటే పంపమని రచయితకి మర్యాదగా మెయిల్ పెట్టమంటాను. చాలామంది పంపిస్తారు కూడా.

ఆ వరదల ప్రాజెక్టు అమ్మాయిని తార్నాకలో పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే రాష్ట్ర ఆర్కైవ్స్‌కి పంపాను. మా కాలేజీలో లెటర్ మీద సంతకం పెట్టించడానికి పట్టినంత టైమ్ అక్కడ పట్టలేదు. నిజాం కాలం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటే స్నేహితురాలి తాతయ్యని వెంటబెట్టుకెళ్లింది. వాళ్లు చూడగలిగిన వాటిలో చెట్టు ఊసు లేదు. "జనం చెప్పుకునే మాట, నాకు రాతపూర్వక ఆధారం దొరకలేదు" అని ప్రాజెక్టులో నిజాయితీగా రాసింది. నాకైతే ఆ ఒక్క వాక్యానికే ఫుల్ మార్కులు వెయ్యాలనిపించింది.

గైడ్ సార్ మాత్రం రిఫరెన్సులు తగ్గిపోయాయన్నారు. కనీసం పదిహేను ఉండాలట. పిల్లలకి వెతకడం రాదని స్టాఫ్ రూముల్లో వాపోయేవాళ్లు ఈ అంకెల రూలు పెట్టిందెవరో ముందు చెప్పాలి. ఆ ఆరూ మళ్లీ వెనక పేజీలోకి వచ్చేశాయి, ప్రాజెక్టు బైండింగ్‌కి వెళ్లిపోయింది.