ముత్తాతను వెతకాలంటే పొలం గట్టు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మనవడికి, తాతయ్య ఆశీస్సులు.

వంశవృక్షం తయారుచేస్తానని రాశావు, సంతోషం. కంప్యూటరు ముందు కూర్చుని ఇంటిపేరు కొట్టి వెతికితే మాత్రం పని కాదు నాయనా. మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటసుబ్బయ్యలు తగులుతారు, ముగ్గురిదీ వేర్వేరు తరం. పేరు పక్కన తండ్రి పేరు, సర్వే నంబరు, సంవత్సరం ఉండాలి. ఈ మూడిట్లో కనీసం రెండు దొరక్కుండా ఎవరినీ చెట్టెక్కించకు.

మొదటి పని ఇంట్లోనే. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెబుతారు. మహాలయ పక్షంలో తల్లి తరఫు వాళ్ళవీ వస్తాయి. అవి గోత్రంతో సహా రాసుకో. అక్కడ తిథి దొరుకుతుంది కానీ ఏ సంవత్సరమో దొరకదు. అది దస్తావేజుల్లో వెతుక్కోవాలి.

ట్రంకుపెట్టెలో పాత కాగితాలుంటే ఒక్కటీ పారేయనివ్వకు. ఒక క్రయ దస్తావేజు ఎలా చదవాలో చెబుతాను. పైన "రక్తాక్షి నామ సంవత్సర మార్గశిర శు॥ 5" అని ఉందనుకో. రక్తాక్షి అరవై ఏళ్ళకొకసారి వస్తుంది: 1864-65, 1924-25, 1984-85. ఏదో తేల్చేది స్టాంపు కాగితం. స్టాంపు అమ్మినవాడు వెనకవైపు వేసిన తేదీ, కొన్నవాడి పేరు, తండ్రి పేరు, ఊరు చూడు. ఫసలీ (రెవెన్యూ వాళ్ళ లెక్క సంవత్సరం) ఉంటే 590 కలుపు. ఫసలీ 1334 అంటే 1924 జులై నుంచి 1925 జూన్ వరకు. ఇది మద్రాసు ప్రెసిడెన్సీ లెక్క. నైజాంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, కాబట్టి నెలల దగ్గర జాగ్రత్త.

తర్వాత అందరూ దాటేసే చోటికి రా. హద్దులు! "తూర్పు: ఫలానా రామయ్య పొలం, దక్షిణం: ఫలానా సుబ్బమ్మ పొలం" అని ఉంటుంది. ఇంటిపేరు కలిసిందంటే చాలాసార్లు వాళ్ళు దాయాదులే, పంపకాల్లో విడిపోయిన ముక్కలవి. సాక్షుల్లో బావమరుదులు దొరుకుతారు. "మైనరు, సంరక్షకురాలు తల్లి" అని ఉంటే ఆ తేదీకి తండ్రి పోయి ఉండొచ్చు. ఆడవాళ్ళ పేర్లు కావాలంటే పసుపు కుంకుమ కింద ఇచ్చిన దాన పత్రాలు, విధవలకు రాసిన మనోవర్తి (పోషణ ఖర్చు) దస్తావేజులు వెతుకు. భాగపంపకాల కాగితం, అదే పారీఖత్తు, దొరికితే అన్నదమ్ములంతా ఒక్కచోటే దొరికినట్టు.

ఇంట్లో కాగితం లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి పుస్తకాల్లో వెతికించాలి, దానికి రుసుం కట్టాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు, దత్తతకు ఇచ్చిన అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినాయన పోయాక ఎవరడిగినా నకలిస్తారు. నాలుగో పుస్తకంలోవి మాత్రం పార్టీలకే. వంద రూపాయల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అందుకే పేదవాళ్ళ కొనుగోళ్ళు చాలావరకు అక్కడ కనపడవు.

వెళ్ళేముందు ఊరు ఆ రోజుల్లో ఏ జిల్లాలో ఉండేదో చూసుకో. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970 నుంచి కొత్త జిల్లా. తప్పు జిల్లా అడిగితే గుమస్తా "లేదు" అనేస్తాడు, నువ్వూ నిజమే అనుకుని తిరిగొస్తావు.

రెవెన్యూ రికార్డుల్లో కోస్తా వైపు ఆర్‌ఎస్‌ఆర్ (భూముల సెటిల్‌మెంట్ రిజిస్టరు) అడుగు, దాన్నే డైగ్లాట్ అంటారు. అప్పటి పట్టాదారు పేరు సర్వే నంబరు వారీగా ఉంటుంది. ఈనాం భూమి (పాలకులు దానంగా ఇచ్చిన భూమి) అయితే నీ అదృష్టం. 1858లో వేసిన ఈనాం కమిషన్ తయారుచేయించిన ఈనాం ఫెయిర్ రిజిస్టరులో అప్పటి ఈనాందారు పేరు, వయసు, మొదట పొందినవాడికి ఏమవుతాడో కూడా రాశారు. ఒక్క పేజీలో రెండు మూడు తరాలు. అమ్మమ్మ వాళ్ళది నల్గొండ కాబట్టి అక్కడ సేత్వార్ (నైజాం కాలపు సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరిదో, సాగు ఎవరిదో రాసిన రికార్డు) చూడాలి. సేత్వార్ ఉర్దూలో ఉంటే చదివేవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళు, ఊహించి రాసుకోకు. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక పుస్తకాలు చేతులు మారాయి, కొన్ని చెదలపాలయ్యాయి. ఒకచోట లేదంటే కలెక్టరేటులో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడుగు.

ఇక పత్రికలు. మామూలు మనుషుల చావుకబురు పాత పత్రికల్లో అరుదు, అందుకోసం రోజులు పాడుచేసుకోకు. కోర్టు నోటీసులు, వేలం ప్రకటనలు, విరాళాల జాబితాలు చూడు. కోర్టు నోటీసులో ఓ.ఎస్. (దావా) నంబరు, సంవత్సరం, మునసబు కోర్టు పేరు ఉంటాయి. అది పంపకాల దావా అయితే ఆ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టు. ఇలాంటి దావా అర్జీలో వంశవృక్షం గీసి పెట్టడం రివాజు. పాత దావాల కాగితాలు కొన్నేళ్ళకు తీసేస్తారు కానీ తీర్పు, డిక్రీ నిలిచే అవకాశం ఎక్కువ. తీర్పులోనూ బంధుత్వాలు వివరంగా ఉంటాయి. ప్రతివాది ఎప్పుడూ "వాడు మా వంశమే కాదు" అంటాడు, ఆ మాట పట్టుకుని ఎవరినీ కొట్టేయకు.

బందరు కృష్ణా పత్రిక 1902 నుంచి, ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 నుంచి, హైదరాబాదు గోలకొండ పత్రిక 1926 నుంచి వచ్చాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పాత సంచికలకు పేరున్న చోట్లు. స్కాన్ ప్రతుల్లో అక్షరాలు కొట్టి వెతికితే పాత అచ్చు సరిగా దొరకదు. "ఇ" బదులు "యి", "రాసి" బదులు "వ్రాసి" ఉంటాయి. దస్తావేజు తేదీ పట్టుకుని దానికి అటూ ఇటూ మూడు నెలల సంచికలు పేజీ పేజీ తిప్పాల్సిందే.

ఒకచోట దారి తెగితే దత్తత జరిగిందేమో, ఇల్లరికం వెళ్ళాడేమో అడుగు. దత్తతతో ఇంటిపేరు, గోత్రం రెండూ మారిపోవచ్చు. కులాల వంశావళి చెప్పేవాళ్ళు, రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకో, కాగితంతో సరిపోల్చేదాకా పెన్సిలుతోనే రాయి.

పాత పత్రిక మడత మీద విరుగుతుంది, బల్లమీద పరిచి రెండు చేతులతో తిప్పు. ఫొటో తీసేటప్పుడు పేరు, తేదీ ఉన్న తలకట్టు కూడా పడాలి. ముక్క ఒక్కటే తీసుకుంటే ఆరు నెలల తర్వాత అది ఏ పత్రికో నీకే తెలియదు. ఉగాదికి వచ్చినప్పుడు అటకమీది పెట్టె దింపుదాం. చెదలు చూసి భయపడకు, కాగితాలు నీడలో ఆరబెట్టి పెట్టిస్తాను.

ఇట్లు,
తాతయ్య