బావ సంతకం పెట్టిన ఆ కాగితం ప్లీడరుకి చూపించు

తెనాలి,
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. కోర్టు బంట్రోతు సమన్లు పట్టుకొచ్చాడని, "మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, వాడొచ్చాక రండి" అని సంతకం పెట్టకుండా పంపించేశానని చెప్పింది. గొంతులో కాస్త ధీమా కూడా ఉంది. సమన్లు తీసుకోకపోతే కేసు గుమ్మం దాటి రాదని ఆమె లెక్క. ముప్పై ఒక్క ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా చేసిన తమ్ముడు ఉండి కూడా ఆమెకి ఈ సంగతి తెలియలేదంటే తప్పు నాదే. తీసుకోనంటే ఆ కాగితం తలుపుకి అంటించి వెళ్లిపోతారు. కోర్టు లెక్కలో అది అందినట్టే. వాయిదా రోజు పేరు పిలిచినప్పుడు మన తరఫున ఎవరూ పలకకపోతే 'సెట్ ఎక్స్‌పార్టీ' అని, అంటే మనం లేకుండానే కేసు నడుస్తుందని రాసేస్తారు. ఆ తర్వాత అవతలివాడు చెప్పిందే సాక్ష్యం.

అందుకని ముందు నీ ఫోన్లో ఈకోర్ట్స్ యాప్ పెట్టుకో. మన కోర్టు ఎంచుకుని అక్క పేరుతో, నీ పేరుతో వెతుకు. దావా నంబరు, వాయిదా తేదీ, ప్రతి కేసుకీ విడిగా ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరుకుతాయి. ఆ సీఎన్ఆర్ నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకో, ఇకముందు దానితోనే పని. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో మన జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్, వేయాలి. కారణం చూపిస్తే 90 రోజుల దాకా గడువు ఇస్తారు. అది కూడా దాటాక కోర్టు దయతలచి, ఖర్చులు వేసి తీసుకున్న సందర్భాలు నేను చూశాను. దయ మీద ఆధారపడే పరిస్థితి మనం తెచ్చుకోవడం ఎందుకు?

రెండో సంగతి ఆ కంచె. సంక్రాంతికి వచ్చినప్పుడు ఉత్తరపు గట్టు మీద నువ్వు వేయించిన కంచె వల్లే కదా ఈ దావా. పక్క చేను ఆయన తన ట్రాక్టరు దారి మూసేశావని ఇంజంక్షన్, అంటే దారికి అడ్డు రావద్దని కోర్టు ఉత్తర్వు, అడిగి ఉంటాడు. తాత్కాలికంగా ఏదైనా ఉత్తర్వు ఇచ్చి ఉంటే దాని కాపీ చూసేదాకా కంచె జోలికి వెళ్లొద్దు. తీయొద్దు, కొత్త రాయి పాతొద్దు, ట్రాక్టరుకి అడ్డం నిలబడొద్దు. ఇంజంక్షన్ ఉత్తర్వు తప్పితే ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలుకీ పంపొచ్చు. ఆయన స్టేషన్లో కూడా ఫిర్యాదు ఇస్తాడేమో. పిలిస్తే మర్యాదగా వెళ్లి, కోర్టులో దావా ఉందని నంబరు చెప్పి రా. అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఇక అసలు సంగతి. ఇందుకే ఫోన్లో చెప్పకుండా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. పొద్దున నువ్వు మాట్లాడుతూ, "మామయ్యా, నాన్న 2011లో పెద్దమనుషుల దగ్గర ఏదో కాగితం మీద సంతకం పెట్టారు, అది బయటికి వస్తే మన పని అయిపోయినట్టే, ప్లీడరుకి చెప్పకుండా ఉంటే నయం" అన్నావు. సరిగ్గా ఆ కాగితమే నువ్వు మొట్టమొదట ప్లీడరు బల్ల మీద పెట్టాలి.

మా ఆఫీసులో జరిగింది ఒకటి చెప్తాను. ఒకాయన మీద ప్రోనోటు దావా పడింది. అసలు అప్పే తీసుకోలేదు, సంతకం నాది కాదు అన్నాడు. మా ప్లీడరు గారు గుచ్చి గుచ్చి అడిగినా అదే మాట. సరే, అలాగే రాసి వేశాం. రెండేళ్లకి ఆయన బోను ఎక్కాడు. అవతలి ప్లీడరు కట్టలోంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ తీసి, "ఈ చేతిరాత మీదేనా?" అన్నాడు. బాకీకి ఇంకో ఆరు నెలలు గడువు అడుగుతూ ఈయనే రాసిన ఉత్తరం అది. మధ్యాహ్నం ఆఫీసులో ఆయన ఏడుస్తూ అసలు నిజం చెప్పాడు. అప్పు తీసుకున్న మాట నిజమే, అందులో ముప్పాతిక వంతు తీర్చేసిన మాటా నిజమే. రసీదులు ఇంట్లో ఉన్నాయట! అప్పే లేదని రాసిచ్చినవాడు అప్పు తీర్చిన రసీదులు ఏ ముఖంతో చూపిస్తాడు? మొదటి రోజే చెప్పి ఉంటే పావు వంతుతో పోయేది. ప్లీడరుకి చెప్పని నిజం అవతలి ప్లీడరు నోటి నుంచి వినాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆరోజు చూశాను.

మన కాగితం సంగతికి వస్తాను. బావ నాకు అప్పట్లో చూపించాడు. "కోతల రోజుల్లో నా ఉత్తరపు గట్టు వెంట ట్రాక్టరు తీసుకుపోవడానికి ఒప్పుకున్నాను" అన్నట్టు ఉంది. కింద బావ సంతకంతో పాటు పక్క చేను ఆయన సంతకం కూడా ఉంది. నువ్వు దాన్ని ఓటమి పత్రం అనుకుంటున్నావు. అవతలివాళ్లు తరతరాలుగా ఆ దారిన నడుస్తున్నాం, అది మా హక్కు అని రాసే ఉంటారు. అలాంటి దారి హక్కు రావాలంటే ఇరవై ఏళ్లు బాహాటంగా, ఆటంకం లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా హక్కుగా వాడుకుని ఉండాలి. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం చెప్పేది ఇదే. 2011లో వచ్చి ఒప్పుకోమని అడిగి, సంతకం పెట్టినవాడు అప్పటిదాకా హక్కుగా నడిచానని ఎలా అంటాడు? బావ ఇచ్చింది అనుమతి. ఎన్నేళ్లు గడిచినా అనుమతి హక్కు అయిపోదు. నువ్వు దాచాలనుకున్నదే మన చేతిలో బలమైన కాగితం కావచ్చు. కావచ్చు అంటున్నాను, ఎందుకంటే అది తెల్ల కాగితం మీద రాసింది, కోర్టు ఎంతవరకు తీసుకుంటుందో, వేరే దారి లేదని ఆయన వాదిస్తే ఏమవుతుందో తేల్చాల్సింది ప్లీడరు. నేను గుమాస్తానే.

ప్లీడరు ఎవరని అడిగావు. పేర్లు శనివారం చెప్తాను గానీ, ఎలా చూడాలో చెప్తాను. హైకోర్టులో పెద్ద పేరున్నాయన మనకి వద్దు. ఆయన మునసబు కోర్టుకి, అంటే మన కింది సివిల్ కోర్టుకి, రాడు, జూనియర్ని పంపిస్తాడు. రోజూ ఆ కోర్టు మెట్లెక్కేవాడు కావాలి. ఒక పూట సెలవు పెట్టి పదిన్నరకల్లా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చో. పిలుపుల టైములో ఎవరు కట్టతో సిద్ధంగా ఉన్నారో, ఎవరు "పాస్ ఓవర్ ప్లీజ్" (మా కేసు కాసేపాగి పిలవండి) అంటూ పరిగెత్తుకొస్తున్నారో గంటలో తెలిసిపోతుంది. నా అంత తేలిగ్గా కాకపోయినా నీకూ తెలుస్తుంది. తప్పకుండా గెలిపిస్తానని మాట ఇచ్చేవాడి దగ్గర కూర్చోకు. గెలిస్తే పొలంలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడేవాడైతే అసలే వద్దు, బార్ కౌన్సిల్ నిబంధనలే దాన్ని ఒప్పుకోవు. చుట్టాల్లో ప్లీడరు ఉన్నాడని పిన్ని చెప్తుంది. ఆయన వద్దు. ఫీజు అడగలేడు, పని చేయలేడు, మనం తిట్టలేం.

ఫీజు ముందే మాట్లాడుకో. జవాబు వేసేదాకా ఎంత, ఇంజంక్షన్ పిటిషన్ వాదనకి ఎంత, సాక్ష్యాలకి ఎంత, చివరి వాదనలకి ఎంత అని దశలవారీగా. ఖర్చులు ఫీజులో కలిసి ఉన్నాయా విడిగానా అని కూడా అడుగు. ఫోన్ పే చెయ్యి, లెక్క దానంతటదే ఉంటుంది. గుమాస్తా ఖర్చుల కింద టీ, జెరాక్స్ అని రాసేవి అన్నీ టీలు, జెరాక్సులు కావన్న సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు! అయినా గుమాస్తాతో మాత్రం పేచీ పెట్టుకోకు. నీ వాయిదా తేదీ అతని డైరీలోనే ఉంటుంది.

ఆ డైరీ గురించి కూడా చెప్పాలి. నా ఉద్యోగంలో ఒక్కసారి 17వ తేదీని 27 అని రాసుకున్నాను. ఒక విధవరాలి కేసు. 17న పిలిచారు, మేం లేం, ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది. ముప్పై రోజుల్లోపు పిటిషన్ వేసి, ఖర్చులు కట్టి తెరిపించాం. ఆ ఖర్చులు నా జీతంలోంచే కట్టాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కాబట్టి ప్రతి వాయిదా అయిన సాయంత్రం నువ్వే యాప్‌లో తర్వాతి తేదీ చూసుకుని, గుమాస్తాకి ఒక మెసేజ్ పెట్టు. ప్లీడరుకి ఉదయం పదింటికి ఫోన్ చేయకు, ఎత్తినా వినడు. ఏదైనా మాట్లాడాలంటే వాయిదాకి రెండు రోజుల ముందు సాయంత్రం ఆఫీసుకి వెళ్లు. అడగాల్సినవి చీటీ మీద రాసుకుని వెళ్లు.

కాగితాలు. బావ కొన్నప్పటి దస్తావేజు, దాని వెనక లింకు దస్తావేజులు, ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రం), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, అడంగల్, పాస్‌బుక్. మీ ఊళ్లో రీసర్వే అయింది కాబట్టి పాత సర్వే నంబరు, రీసర్వేలో పొలానికి ఇచ్చిన కొత్త ఎల్పీఎం నంబరు పక్కపక్కన రాసుకో. పాస్‌బుక్ ఉంది కదా అని ధీమా పడకు, రెవెన్యూ రికార్డు హక్కు ఇవ్వదు, దస్తావేజు ఇస్తుంది. ప్లీడరుకి అన్నీ జెరాక్సులే ఇవ్వు. ఒరిజినల్స్ కోర్టులో వేయాల్సిన రోజున తీసుకెళ్లి, ఏమేం ఇచ్చావో జాబితా రాసి సంతకం తీసుకో. వీటన్నిటికంటే పైన ఒక పేజీ ఉండాలి. ఏ సంవత్సరం ఏం జరిగిందో, మనకి మంచిదైనా చెడ్డదైనా, నీ చేత్తో రాసిన పేజీ. మా ప్లీడరు గారు కట్ట విప్పగానే దానికోసమే వెతికేవారు.

తెల్ల కాగితాల మీద సంతకం ఎవరడిగినా పెట్టకు. రిటన్ స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో టైపు చేసి ఇస్తారు, అక్కకి ప్రతి పేరా తెలుగులో చదివి చెప్పించు. హద్దులు నువ్వే చూడు. తూర్పుకి పడమర అని టైపు అయిపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఇంకొకటి, చెల్లాయి పేరు దావాలో ఉందా? బావ వీలునామా రాయకుండా పోయాడు. ఆ పొలంలో అక్కకి, నీకు, చెల్లాయికి సమాన వాటా. ఆమెని కలపకుండా దావా వేసి ఉంటే అది ప్లీడరుకి చెప్పాల్సిన సంగతి. ఆమెకీ నువ్వే ఫోన్ చేసి చెప్పు, ఊళ్లోవాళ్ల నోటి నుంచి వినకూడదు.

అక్క తరఫున నువ్వు పవర్ ఆఫ్ అటార్నీ మీద కోర్టుకి వెళ్లొచ్చు గానీ, ఆమెకి మాత్రమే తెలిసిన సంగతులకి నీ సాక్ష్యం చెల్లదు. కాబట్టి ఆమె బోను ఎక్కాల్సి రావచ్చు. ఇప్పటినుంచే టెన్షన్ పెట్టకు. ఆ రోజు వచ్చినప్పుడు ఇంతే చెప్పు: అడిగినదానికే జవాబు, తెలియకపోతే తెలియదు. అవతలి ప్లీడరు చివర్లో "మీరు అబద్ధం చెప్తున్నారు" అంటాడు. అది తిట్టు కాదు, పద్ధతి. "అబద్ధం చెప్తున్నాననడం వాస్తవం కాదు" అంటే చాలు. మీ అమ్మకి ఆ మాటకి కోపం వస్తుంది, నాకు తెలుసు.

ప్లీడరు సరిగా చేయడం లేదనిపిస్తే ముందు అడుగు. తర్వాత మార్చు. ఫీజు బాకీ ఉన్నా కేసు కట్ట పట్టుకు కూర్చోకూడదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రవర్తన మీద ఫిర్యాదు ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి వెళ్లాలి, వినియోగదారుల కోర్టుకి కుదరదని 2024 మేలో తేలిపోయింది.

రాజీ గురించి నీకు కోపం వచ్చినా ఒక లెక్క చెప్తాను. ఆ గట్టు దారి పదడుగుల వెడల్పు, నాలుగు వందల అడుగుల పొడవు అనుకుందాం. సుమారు తొమ్మిది సెంట్లు. దీనికోసం నువ్వు హైదరాబాదు నుంచి ఎన్ని వాయిదాలకి వస్తావో వేసుకో. వదిలేయమని అనడం లేదు. కోతల రోజుల్లో మాత్రమే, ఇంత వెడల్పు మాత్రమే, అనుమతిగా మాత్రమే అని లోక్ అదాలత్‌లో రాయించుకుంటే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే అక్కడ సంతకం పెట్టేముందు మరీ జాగ్రత్త. డబ్బు ఇబ్బందైతే అక్క ఆడమనిషి కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవాధికార కమిటీ ఉంటుంది. ఆ ప్లీడర్లలో మంచివాళ్లు ఉన్నారు, మొక్కుబడిగా చేసేవాళ్లూ ఉన్నారు.

శనివారం పొద్దున బస్సుకి అక్కని తీసుకుని వచ్చేయి. బావ ఇనప్పెట్టెలో ఆ కాగితం మడతల దగ్గర చిరుగుతోందని అక్క అంది. టేపు వేయకు, లామినేషన్ అసలే చేయించకు. పాత కేలండరు అట్ట మధ్యలో పెట్టి తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మామయ్య