వేడెక్కాక ఆగిపోతున్న కారు: పంప్ మార్చే ముందు క్రాంక్ సెన్సర్ చూడండి

వేడెక్కాక ఆగిపోతున్న మీ కారు గురించి అడిగిన ప్రశ్న చదువుతుంటే నా పాత పెట్రోల్ కారే కళ్ళముందు కదిలింది. అరగంట నడిచాక ఉన్నట్టుండి ఆగిపోవడం, సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాకపోవడం, ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టవడం, స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఏదీ లేకపోవడం, మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చమనడం. అన్నీ అవే. నేనైతే పంప్ మార్పించేశాను కూడా. వారం తిరక్కుండానే బండి మళ్ళీ నడిరోడ్డు మీద ఆగింది.

నా కారులో పోయింది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్, అంటే ఇంజన్ తిరుగుతోందో లేదో, ఎంత వేగంగా తిరుగుతోందో కారు కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్. మీదీ అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇగ్నిషన్ కాయిల్, పంప్ రిలే (పంప్‌కు కరెంటు వదిలే స్విచ్) కూడా వేడికి ఇలాగే మొరాయిస్తాయి. కానీ పంప్ మీద డబ్బు పెట్టే ముందు దీన్ని చూడండి.

పంప్ మీదకు అనుమానం ఎందుకు పోతుందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చాలా కార్లలో తాళం తిప్పగానే పంప్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది. ఇంజన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెప్పాకే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని మళ్ళీ నడుపుతుంది. ఏ ప్రమాదంలోనో ఇంజన్ ఆగిపోతే పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. అంటే సెన్సర్ నోరు మెదపకపోతే స్పార్కూ ఉండదు, ఇంజెక్టర్లూ తెరుచుకోవు, పంపూ తిరగదు. మా మెకానిక్ సెల్ఫ్ కొట్టి చూశాడు, పంప్ తిరగలేదు, పంప్ పోయిందన్నాడు. అతను చూసింది నిజమే, కారణమే వేరు. కోడ్ రాకపోవడానికీ ఇలాంటి కారణమే: సెన్సర్ నుంచి ఏమీ రాకపోతే ఇంజన్‌ను మనమే ఆపామని కొన్ని ఈసీయూలు అనుకుంటాయి. ఈ లోపానికి ఉన్న పీ0335 కోడ్ నా స్కానర్‌లో చివరిదాకా కనబడనేలేదు.

కాబట్టి బండి మొండికేసిన ఆ ఇరవై నిమిషాలే మీకు దొరికే అవకాశం. చల్లారాక ఎక్కడికి తీసుకెళ్ళినా అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. టెన్షన్ పడకుండా కారును పక్కకు తీసి, సెల్ఫ్ కొడుతూ స్కానర్ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడండి. సెన్సర్ బాగుంటే దాదాపు 200 చూపిస్తుంది. నాకు సున్నా చూపించింది. స్కానర్ లేకపోతే డాష్‌బోర్డు మీద ముల్లు చూడొచ్చు, కాకపోతే కొన్ని కార్లలో అంతా బాగున్నా సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ ముల్లు కదలదు. మీ కారులో కదులుతుందో లేదో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకోండి.

నాకు ఇంకా నమ్మకం కుదరక సెన్సర్ విప్పి, మల్టీమీటర్ తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను. చల్లగా ఉన్నప్పుడు 900 ఓమ్‌ల దగ్గర ఉన్న రీడింగ్ కాసేపటికి ఎగిరిపోయింది, లోపల తీగ తెగినట్టే. చల్లారాక మళ్ళీ 900. లోపలి కాయిల్‌లో సన్నని పగులు వేడికి విచ్చుకుని, చల్లారితే అతుక్కుంటోందన్నమాట. ఆ రీడింగ్ చూసి నిజంగా నవ్వొచ్చింది, పంప్ బిల్లు గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ పరీక్ష రెండు తీగల కాయిల్ రకానికే. మూడు తీగలుంటే అది చాలావరకు హాల్ రకం (కాయిల్ బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది), దానికి ఓమ్ మీటర్ పెట్టకండి. ప్లగ్ దగ్గర సప్లయ్ వోల్టేజీ, ఎర్త్ అందుతున్నాయో లేదో చూడాలి.

సెన్సర్ మార్చడం పెద్ద పనేం కాదు. చోటు ఒక్కో కారులో ఒక్కోలా ఉంటుంది: కొన్నిటిలో ఫ్లైవీల్ పక్కన, కొన్నిటిలో క్రాంక్ పుల్లీ దగ్గర. సాధారణంగా ఒక్క బోల్టే. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఇంజన్ చల్లారాక మొదలుపెట్టండి. బోల్టు ఊడినా సెన్సర్ రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, నేను అలాగే సగం విరగ్గొట్టి ఒక పూటంతా ముక్కలు ఏరుకున్నాను. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, కాసేపు ఆగి, అటూ ఇటూ మెలితిప్పుతూ లాగితే వస్తుంది. రంధ్రం తుడిచి, కొత్తదాని ఓ-రింగ్‌కు కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, చేత్తోనే పూర్తిగా కూర్చోబెట్టండి. బోల్టుతో బిగించి లోపలికి లాగకండి, ప్లాస్టిక్ చెవి పగులుతుంది. సెన్సర్ కొనకూ టూత్ వీల్‌కూ (క్రాంక్‌తో పాటు తిరిగే పళ్ళ చక్రం) మధ్య మిల్లీమీటరు అటూ ఇటుగా ఖాళీ ఉంటుంది, కొంచెం పైకి లేచి కూర్చున్నా సిగ్నల్ బలహీనపడుతుంది.

పాతదాని మీదున్న పార్ట్ నంబరు సరిపోల్చుకుని మంచి కంపెనీదే కొనండి. వైరు ఎగ్జాస్ట్‌కు తగలకుండా పాత క్లిప్పుల్లోనే పెట్టండి. కొన్ని కార్లకు మార్చాక స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సర్‌ను ఈసీయూకి అలవాటు చేయడం) చేయాల్సి ఉంటుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. నా కారుకి ఆ అవసరం రాలేదు.