టీవీలో అయితే ముచ్చట, ఇంట్లో అయితే టెన్షన్

ప్రశ్న: అక్కా, మేం డాలస్ వచ్చి ఏడాది కాలేదు. ఇక్కడ టీవీ పెడితే ఏ ప్రకటనలో చూసినా భర్త ఒక జాతి, భార్య ఇంకో జాతి. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు సియాటిల్‌లో ఉన్న మా తమ్ముడు తనతో పనిచేసే ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. ఖమ్మంలో అమ్మానాన్నలకు ఎలా చెప్పాలి? టీవీలో చూపించినంత తేలికేనా ఇది?

జవాబు: తేలిక కాదు చెల్లీ. టీవీకే అది తేలిగ్గా రాలేదు. 1951లో హాస్యనటి లూసిల్ బాల్ కామెడీ సీరియల్ మొదలైనప్పుడు, క్యూబాలో పుట్టిన ఆమె సొంత భర్త డెసి ఆర్నెజ్‌ని ఆమె పక్కన భర్తగా చూపించడానికే చానల్ వాళ్ళు వెనకాడారు. 1968లో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్‌లో ఒక తెల్ల కెప్టెన్, నల్లజాతి ఆఫీసర్ ఉహురాను ముద్దుపెట్టుకుంటే అది పెద్ద విశేషమైంది. అంతెందుకు, 2013లో చీరియోస్ అనే అల్పాహారం ప్రకటనలో తెల్ల అమ్మ, నల్ల నాన్న, మధ్యలో ఓ చిన్న పాప కనిపించినందుకు ఎంత విషం కక్కారంటే, యూట్యూబ్‌లో కామెంట్లు మూసేయాల్సి వచ్చింది. నువ్వు ఇప్పుడు చూస్తున్న ప్రకటనల వెనక ఇంత కథ ఉంది.

చట్టం కథ కూడా పాతదేమీ కాదు. వర్జీనియాకు చెందిన రిచర్డ్, మిల్డ్రెడ్ లవింగ్ 1958లో రాజధాని వాషింగ్టన్ డీసీ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చారు. ఆమె నల్లజాతి, అతను తెల్లజాతి. అర్ధరాత్రి పోలీసులు పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశారు. 1967లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పేనాటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఇలాంటి పెళ్ళిళ్ళు నేరమే. మీ టెక్సాస్ అందులో ఒకటి. ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1967లో కొత్తగా పెళ్ళైనవాళ్ళలో 3 శాతం మంది వేరే జాతివాళ్ళను చేసుకుంటే, 2015కి అది 17 శాతమైంది. అంటే ఆ అమ్మాయి తాతమ్మలకు ఇవన్నీ కళ్ళారా చూసిన సంగతులు. తమ్ముడు ఆ ఇంటికి వెళ్ళేముందు ఇది తెలుసుకుని వెళ్ళాలి.

ఇక మన సంగతి. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష చిలుకూరి మన తెలుగింటి పిల్ల అని ఊళ్ళల్లో ఎంత సంబరపడ్డారో చూశావు కదా. అదే మనవాళ్ళు, అమ్మాయి నల్లజాతి అనగానే గొంతు తగ్గిస్తారు. మీ ఇంట్లో అసలు ఇబ్బంది అదే అయితే, దాన్ని సంస్కృతి పేరుతో కప్పకండి. దాని పేరు పెట్టే మాట్లాడుకోండి.

నేను ఒహాయో వచ్చిన మొదటి చలికాలం మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో ఒక తెల్లావిడ రోజూ పలకరించేది. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు. ఆవిడ తప్ప నాతో మాట్లాడే మనిషి లేదు. ఆమె చంకలో ఉంగరాల జుట్టు, చామనఛాయ పాప. ఒకరోజు, "ఈ పాప ఎవరి పాప? మీరు చూసుకుంటున్నారా?" అని అడిగేశాను. "నా కూతురు" అంది. ఆ ప్రశ్న ఆమె అంతకుముందు ఎంతమంది నోట విందో నాకు తెలియదు కదా. మర్నాటి నుంచి పలకరింపు లేదు. ఆ చలికాలం అంతా గోడలతో గడిపాను. ఇప్పటి పిల్లలు దిగగానే వాట్సాప్‌లో వందమందిని కలుపుకుంటారు, ఆ ఒంటరితనం మీకు అర్థం కాకపోవచ్చు.

అది చూశాక కూడా రెండోసారి తప్పు చేశాను. మా పెద్దమ్మ కొడుకు ఒక నల్లజాతి నర్సును పెళ్ళి చేసుకున్నాడు. సంక్రాంతి పాట్‌లక్‌కి వదిన కూడా వచ్చింది. ఆమెకు ప్లేటులో అన్నీ వడ్డించి, మర్యాద చేశాననుకున్నాను. మేమంతా గంటల తరబడి తెలుగులో మాట్లాడుకున్నాం, ఆమె ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తర్వాత చాలా ఏళ్ళు అన్నయ్య కుటుంబం ఏ పండక్కీ రాలేదు. ఆఖరికి నేనే వదినను ఒక్కదాన్నే ఇంటికి పిలిచాను. వంటింట్లో బెండకాయ పులుసు చూసి, వాళ్ళ అమ్మమ్మ బెండకాయలు ఎలా వండేదో చెప్పడం మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి మళ్ళీ రాకపోకలు. ఇవాళ మా ఇంట్లో ఏ కార్యమైనా ముందు ఫోన్ చేసేది ఆవిడకే.

కాబట్టి పెళ్ళి ఎలా జరుగుతుందన్న దానికంటే, పెళ్ళయ్యాక ఆ అమ్మాయి మీ మధ్య ఒంటరిగా మిగిలిపోతుందేమోనన్నదే నా దిగులు. ఆమె మిగిలిపోతే తమ్ముడూ మిగిలిపోతాడు, ఈ దేశంలో నీకున్న ఒక్క తోడబుట్టినవాడు దూరమవుతాడు. ఆమె వచ్చిన ప్రతి చోటా ఒకరు పక్కన కూర్చుని మాటలు ఇంగ్లీషులో చెప్పే ఏర్పాటు చెయ్యి. ఎవరినీ ఆమె జుట్టు ముట్టుకోనివ్వద్దు. పుట్టబోయే పిల్లల రంగు గురించి ఒక్క పెద్దమ్మ కూడా నోరెత్తకుండా ముందే చెప్పు. ఆమె తల్లికి నువ్వే ఫోన్ చెయ్యి. తన కూతుర్ని మీరు చిన్నచూపు చూస్తారేమోనన్న భయం ఆవిడకూ ఉంటుంది.

ఖమ్మానికి ఫొటో ముందు పంపకు, ఫ్యామిలీ గ్రూపులో అసలే వద్దు. వీడియో కాల్‌లో తమ్ముడే చెప్పాలి, నువ్వు పక్కనుండు. అమ్మాయి పేరు, చదువు, ఉద్యోగం, అమ్మానాన్నలు ఏం చేస్తారు, ఏ సంబంధానికైనా అడిగే వరసలోనే చెప్పండి. మొదటి రోజే అవునంటారని ఆశపడవద్దు. నాన్నగారు వారం మాట్లాడకపోతే అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి.

మ్యారేజ్ లైసెన్సు కౌంటీ ఆఫీసులో ఇస్తారు. పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాకే ఆ అమ్మాయి ఓసీఐకి, అంటే ఇండియాకు జీవితకాల వీసాలాంటి కార్డుకి, అప్లై చేయగలదు. మిగతావి కాన్సులేట్ సైటులో ఉంటాయి. అమ్మానాన్నలు పెళ్ళికి రావాలంటే మాత్రం విజిటర్ వీసా అపాయింట్‌మెంట్ సంగతి ఈ నెలలోనే చూడు, తేదీ దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం.