పెండ్లి పని, ఇంటి చేతులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెండ్లి అలంకరణ గురించే. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి కదా. నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, వైశాఖంలో మా చెల్లెలి పెండ్లి. గుంతకల్లులో ఫంక్షన్ హాలు మాట్లాడాం. డెకరేషన్ వాళ్ళు చెప్పిన ప్యాకేజీలో అన్నీ ప్లాస్టిక్ పూలు, ఫోమ్ బోర్డులే. అంతా మేమే చేసుకుందామని నేనూ, మా పిన్ని కూతుళ్ళూ అనుకున్నాం. ఫోన్లో దాచుకున్న ఫొటోలే వందలు దాటాయి. "ఇవన్నీ ఎవరు చేస్తారే?" అని అమ్మ ఒకటే టెన్షన్. నాకు బెంగళూరులో ఉద్యోగం, శని, ఆదివారాలే ఖాళీ. ఎక్కడ మొదలుపెట్టాలి?
పెండ్లికూతురి అక్క, గుంతకల్లు

జవాబు: మీ అమ్మ భయం సరైనదేనమ్మా. ఫొటోలు కాసేపు పక్కన పెట్టు. మీ పురోహితుణ్ణీ, ఇంట్లో నాలుగు పెండ్లిళ్ళు చేసిన పెద్దామెనూ అడిగి, మీ ఇంటి తంతు మొత్తం ఒక కాగితం మీద వరసగా రాసుకో. పసుపు దంచడం, నలుగు, అరివేణి కుండలు తేవడం, ఎదురుకోళ్ళు, గౌరీపూజ, తెర పట్టడం, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు. ఏ ఇంటి ఆనవాయితీ ఆ ఇంటిది. ఒక్కోదాని ఎదురుగా, ఆ సమయంలో ఎవరి చేతిలో ఏ వస్తువు ఉంటుందో రాయి. రోకలి, కుండలు, గంప, కొబ్బరిబోండాం, తెర, తలంబ్రాల పళ్ళెం. మీరు చేయాల్సినవన్నీ ఆ కాగితం మీదే తేలతాయి. వేదిక వెనక గోడ అందులో ఎక్కడా రాదు, చూడు.

చేతిపని మనిషికి మూరెడు దూరంలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. హాల్లో వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు పూలగోడలో ఉన్నది కాగితం పువ్వో, బట్ట పువ్వో తెలియదు. దాని కోసం మీరు నెలల తరబడి రాత్రిళ్ళు కత్తిరించి అంటించడం దండగ. అదే గంప అంచుకు మీ పిన్ని కుట్టిన బట్ట అనుకో, ఎత్తే మేనమామ చేతికి తగులుతుంది, కూర్చున్న పెండ్లికూతురి చేతికి తగులుతుంది. ఆల్బమ్‌లో కూడా దగ్గరగా పడేది అదే. అందుకని వెనక గోడ డెకరేషన్ వాళ్ళకే వదిలెయ్యండి. ఫోమ్ బోర్డు వద్దు, సాదా బట్ట పరదాలూ బంతి దండలూ చాలని గట్టిగా చెప్పండి. పని తగ్గితే రేటు కూడా తగ్గించమని అడగొచ్చు.

ఇక మీరు చేసుకునేవి. మీ ఇంట్లో గంపలో తెచ్చే పద్ధతి ఉంటే, గంపను మేదరివాళ్ళతో చెప్పి చేయించండి. మనిషి కూర్చుంటుందని ముందే చెబితే అడుగు గట్టిగా అల్లి ఇస్తారు. సంతలో దొరికే కాయగూరల గంపకు రంగు పూసి వాడకండి, అది అంత బరువుకు చేసింది కాదు.

కుండల పని నాకు అన్నిటికంటే ఇష్టం, అందుకే కాస్త వివరంగా చెబుతా. కొత్త కుండను కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్ళలో కరిగించిన తుమ్మబంక కొంచెం కలిపిన సున్నం పూయాలి. బంక లేకపోతే కుండ ఎత్తుకున్న ముత్తయిదువ చీరకు తెల్లగా అంటుతుంది. పూత బాగా ఆరాక ఎర్రమన్నుతో గీతలు. కుంచె కంటే ఈతపుల్ల మేలు. కొస నలగ్గొట్టి, ముంచి, పుల్లను కదలకుండా పట్టుకోవాలి, తిరగాల్సింది కుండే. ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోతే చుట్టుగీత మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. పసుపు చుక్కలు మాత్రం అన్నిటికంటే ఆఖరున పెట్టండి. సున్నం పచ్చిగా ఉంటే పసుపు ఎర్రగా తిరిగిపోతుంది. పారాణి ఎర్రబడేదీ అందుకేగా.

తలంబ్రాల పని ఇంట్లో ముసలివాళ్ళకు అప్పగించండి. నూక లేని బియ్యం ఏరి, పసుపూ కొద్దిగా నెయ్యీ కలిపి నీడన ఆరబెట్టడం వాళ్ళకు తెలిసినట్టు మనకు తెలియదు. ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపుతారు, అంత శ్రద్ధ ఉన్న ప్రాంతం మనది. అలాంటిచోట ఈమధ్య రంగు థర్మాకోల్ గింజలు పోస్తున్నారు. తలలో చిక్కుకుంటాయి, కంట్లో పడతాయి, హాలు ఊడ్చేవాళ్ళు వాటిని ఏరలేక అల్లాడిపోతారు. దయచేసి వద్దు.

చేతిపని అంటే అంతా మీ చేతుల్తోనే జరగాలని లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా గీకి, బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. లోపల దీపం పెడితే రంగులన్నీ వెలుగుతాయి. ఇప్పుడు వాళ్ళు లాంప్ షేడ్లు కూడా చేస్తున్నారు. హాలు గుమ్మానికి అటూ ఇటూ రెండు పెట్టి చూడండి, ఆ గుమ్మానికి ఇంకేమీ అక్కరలేదు. తోలు కాబట్టి మండపం దగ్గర కొందరు పెద్దలు ఒప్పుకోరు, ముందే అడిగి గుమ్మం దగ్గరే ఉంచండి. తడి తగలనివ్వకండి, తోలు వంకర పోతుంది. చేత్తో చేసే పనికి టైమ్ పడుతుంది, ఇప్పుడే వెళ్ళి మాట్లాడుకోండి.

మీ శని, ఆదివారాలను ఇలా వాడుకో. గంప, తెర, కుండలు, పీటలు ఎన్ని నెలల ముందు చేసినా చెడవు. పూలూ ఆకులూ ముందు రోజు సాయంత్రం తప్ప ముట్టుకునేవి కావు. పెండ్లి వారంలో వాటికి తప్ప దేనికీ మీ చేతులు పెట్టాల్సిన అవసరం రాకూడదు. ఆ వారం చెల్లెలి పక్కన కూర్చో.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి పెండ్లికి తెరసెల్ల నేనే కుట్టాలని ఆశ. కుట్టుపని వచ్చు, బొమ్మలు గీయడం రాదు. బజార్లో వెల్వెట్ మీద అద్దాలు, పూసలు పెట్టినవి ఉన్నాయి గానీ చాలా బరువు. ఏ బట్ట తీసుకోవాలి, ఏం కుట్టాలి?
వరుడి తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: చాలా మంచి ఆలోచన చెల్లెమ్మా. వెల్వెట్ జోలికి వెళ్ళకు. మంత్రాలు సాగుతున్నంతసేపూ తెరను ఇద్దరు పట్టుకుని నిలబడాలి. పూసల బరువుకు చేతులు దిగిపోయి, పెండ్లికొడుకు తల పైనుంచి కనబడిపోతూ ఉంటుంది.

చేనేత నూలు బట్ట తీసుకో. మీ కడప వైపే ఉన్న మాధవరం నుంచో, కర్నూలు వైపు చుట్టాలుంటే ఎమ్మిగనూరు నుంచో తెప్పించుకోవచ్చు. ఐదారు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు సరిపోతుంది. కుట్టడానికి ముందే ఒకసారి ఉతికి గంజి వదిలించు, కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఇప్పటి వీడియో లైట్లు. పలచని తెల్లబట్టకు వెనక నుంచి ఆ లైటు పడితే అవతలి మనిషి నీడ స్పష్టంగా తెలుస్తుంది. జీలకర్ర బెల్లం దాకా ఒకరినొకరు చూసుకోకూడదనే గదా తెర పట్టేది. రెండోది, తెరకు రెండు ముఖాలుంటాయి. కుట్టుపని ఒక వైపే అందం, రెండో వైపు ముడులూ దారం కొసలూ. ఆ ముడుల వైపు ఎవరికి చూపిస్తావు? పెండ్లికూతురికా, మీవాడికా?

అందుకని రెండు బట్టలు విడివిడిగా కుట్టి, ముడులు లోపలికి పోయేలా వీపులు కలిపి అంచు కుట్టు. లైటు సమస్యా తీరుతుంది, రెండు వైపులా అందంగానూ ఉంటుంది. ఒక పొర నువ్వు కుట్టు, రెండోది వియ్యపురాలిని కుట్టమని అడుగు. పెండ్లికూతురి వైపు నీ పని, పెండ్లికొడుకు వైపు ఆమె పని ఉండేలా పట్టించు. ఆమెకు కుట్టు రాకపోతే ముగ్గు ఎంచి ఇచ్చినా చాలు.

బొమ్మలు రాకపోతే ఏం? ముగ్గులు వచ్చు కదా. సుద్దముక్కతో బట్ట మీద చుక్కలు పెట్టి, రోజూ వాకిట్లో కలిపినట్టే కలుపు, ఆ గీత మీద గొలుసుకుట్టు వేస్తూ పో. మెలికల ముగ్గయితే దారం తెగకుండా చాలా దూరం సాగుతుంది. దారం రంగు పోతుందేమో ముందు ఒక చిన్న ముక్క మీద కుట్టి తడిపి చూడు. ఎర్ర దారంతో ఈ జాగ్రత్త మరీ అవసరం. అంతా అయ్యాక మందపాటి తువ్వాలు మీద బోర్లించి ఇస్త్రీ చెయ్యి, కుట్టు అణిగిపోకుండా పైకి లేచి ఉంటుంది.

వధూవరుల పేర్లు పెద్దక్షరాల్లో కుట్టిస్తున్నారు ఇప్పుడు. నేనయితే పేర్లూ సంవత్సరమూ ఒక మూలన చిన్నగా కుట్టమంటాను. మీ ఇంట్లో వచ్చే పెండ్లికీ ఇదే తెర పట్టొచ్చు, అప్పుడు ఆ పేర్ల కింద ఇంకో జంట పేర్లకు చోటు ఉండాలి.

ప్రశ్న: అమ్మా, మే నెలలో మా పాప పెండ్లి, ఇంటి ముందే చప్పరం వేస్తున్నాం. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా కనపడకూడదని పాప పట్టు. మా ఎండకు నిజం పూలు నిలుస్తాయా?
ఒక తండ్రి, ఆదోని

జవాబు: పూలన్నీ నిలవవన్నా, కానీ పాప మాట నిలబెట్టొచ్చు. పందిరికి పూల కంటే ఆకు ఎక్కువ వాడండి. పైన కొబ్బరి మట్టలు, చుట్టూ వేపమండలు, గుమ్మానికి మామిడాకు. నీడా చల్లనా రెండూ వస్తాయి. గెలలతో ఉన్న అరటిచెట్లను తడి ఇసుక నింపిన డ్రమ్ముల్లో నిలబెడితే పెండ్లి అయ్యేదాకా వడలవు.

పూలల్లో బంతికి ఓర్పు ఎక్కువ. దండలను తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచి, పొద్దు వాలాకే కట్టించండి. మల్లె, కనకాంబరం జడకూ పూజకూ చాలు, పందిరికి కడితే పొద్దెక్కేసరికి మాడిపోతాయి.

మీ ఊరికి మాత్రమే కుదిరే అలంకారం ఇంకొకటి ఉంది. ఆదోని అంటే పత్తి. కాయ పగిలి దూది తెల్లగా విచ్చుకున్న పత్తికట్టెను అలాగే ఆరబెట్టి గుత్తులుగా కడితే దానికి సాటి పువ్వు లేదు. జొన్నకంకులనూ కొర్రకంకులనూ పిడికెడేసి కట్టి తలకిందులుగా వేలాడదీస్తే ఎన్నాళ్ళయినా ఉంటాయి. ఇవి మేలో వెదికితే దొరకవు, కోతలప్పుడే పొలం ఉన్నవాళ్ళకు చెప్పి తీసిపెట్టించుకోవాలి. పెండ్లయ్యాక కంకులను వసారాలో కట్టెయ్యండి, పిచ్చుకలు తింటాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. దూది, ఎండుకట్టె చిటికెలో అంటుకుంటాయి. వాటిని వీధి గుమ్మం దగ్గరే ఉంచండి. హోమం, దీపాలు, వేడెక్కే ఫోకస్ లైట్లు, జనరేటర్, వంట పొయ్యి దరిదాపుల్లోకి రానివ్వకండి. పక్కన రెండు డ్రమ్ముల నీళ్ళు నింపించి, చూసుకోమని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.

ప్రశ్న: అక్కా, తాంబూలం సంచులు తెల్లబట్టతో కుట్టి పసుపులో ముంచాం. సబ్బునీళ్ళు పడిన చోట ఎర్రమచ్చలొచ్చాయి. ఇంకా సగం ముంచాల్సి ఉంది. ఏం చేయాలి?
ఒక చెల్లి, కడప

జవాబు: కంగారు పడకు. సబ్బులో క్షారం ఉంటుంది, దానికి పసుపు ఎర్రబడుతుంది. నీళ్ళలో నిమ్మరసం పిండి మచ్చపడిన సంచులు ముంచి తీస్తే మళ్ళీ పచ్చగా తిరుగుతాయి. మిగతా బట్టను ముందే ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాకే పసుపులో వెయ్యి. పసుపునీళ్ళు మరిగించి, అందులో కొద్దిగా పటిక వేస్తే రంగు ఇంకాస్త పట్టుకుంటుంది. ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, నీడన ఆరేసి, పంచేదాకా చీకటి పెట్టెలో పెట్టు. సున్నం డబ్బీ ముట్టుకున్న చేత్తో సంచులు పట్టుకోవద్దని సర్దే పిల్లలకు గట్టిగా చెప్పు. మీకు చెన్నూరు తమలపాకు పక్కనే దొరుకుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రం తెచ్చుకున్నా చాలు. ఆకుల తడి తుడిచి, అరటాకు ముక్కలో చుట్టి సంచిలో పెడితే బట్టకు మరక కాదు.