నెలకు వెయ్యి కిలోమీటర్లకు డీజిల్ కారు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. నా ఆఫీసు మాదాపూర్‌లో. రానూపోనూ రోజుకు 26 కిలోమీటర్లు. నెలకోసారి అమ్మానాన్నలను చూడ్డానికి ఖమ్మం వెళ్లొస్తాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.60 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 42,000. ఎఫ్‌డీల్లో 8 లక్షలున్నాయి. అందులో 5 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి క్రెటా తీసుకోవాలనుకుంటున్నాం. ఒకే వేరియంట్‌కు ఆన్‌రోడ్ ధర పెట్రోలులో 15.20 లక్షలు, డీజిల్‌లో 17.15 లక్షలు చెప్పారు. మిగతాది 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్. మా బావగారు డీజిలే తీసుకోమంటున్నారు. మైలేజీ, పికప్ రెండూ దాంట్లోనే ఉంటాయని, ఐదుగురం ఎక్కితే పెట్రోలు బండి లాగదని ఆయన మాట. మా ఆవిడకేమో రెండు లక్షలు ఎక్కువ పెట్టడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్రోలు తీసుకోండి. మీ అవసరానికి, మీ జీతానికి మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. అలాగని మీ బావగారు తెలియక చెబుతున్నారని అనుకోవద్దు. డీజిల్ ఇంజిన్ గురించి ఆయన చెప్పిన గుణాలు రెండూ నిజమే. ఆ గుణాలకు మీరు కట్టే ధర, మీరు తిరిగే కిలోమీటర్లలో వెనక్కి రావడం లేదు. అదొక్కటే ఇబ్బంది.

మీరు అడగని విషయమైనా ముందు పాత సంగతి ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట కార్లు కొన్న చాలామంది ఇప్పటికీ మీ బావగారి మాటే అంటారు, దానికి కారణముంది. 2012 ప్రాంతంలో లీటరు పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య తేడా ఒక దశలో 30 రూపాయల దాకా ఉండేది. అప్పట్లో డీజిల్ ధరను ప్రభుత్వమే తక్కువగా పట్టి ఉంచేది. 2014 అక్టోబరులో ఆ నియంత్రణ ఎత్తేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ తేడా దాదాపు 11, 12 రూపాయలు. ఇక 2020 ఏప్రిల్‌లో బండి పొగకు కఠినమైన పరిమితులు పెట్టే బీఎస్6 నిబంధనలు వచ్చాక డీజిల్ పొగను శుభ్రం చేసే సరంజామా ఖరీదు కారు ధరలో చేరింది. చిన్న కార్లలో అది గిట్టుబాటు కాదని మారుతీ సుజుకీ డీజిల్ కార్లే మానేసింది. డీజిల్ స్విఫ్ట్ మీద లక్షల కిలోమీటర్లు తిరిగి డబ్బు మిగుల్చుకున్నవాళ్ల అనుభవం నిజమైనదే. అప్పటి ధరలు మాత్రం ఇప్పుడు లేవు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఆఫీసుకు 22 రోజులు తిరిగితే 572 కిలోమీటర్లు. ఆదివారం చిన్నాచితకా పనులు కలిపి సిటీలో 600 అనుకుందాం. సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్లి రావడానికి మరో 400. మొత్తం నెలకు వెయ్యి. మైలేజీకి కంపెనీ కాగితం మీది అంకెలు నేను తీసుకోను. ఈ 1.5 లీటర్ల ఇంజిన్లకు మాన్యువల్ గేర్లతో అధికారిక మైలేజీ పెట్రోలుకు 17.4, డీజిల్‌కు 21.8 ఇచ్చారు. అది ప్రయోగశాలలో తేలిన అంకె. జేఎన్‌టీయూ జంక్షన్‌లో ఏసీ వేసుకుని మూడు సిగ్నళ్లు ఆగే బండికి అది రాదు. అందుకని పెట్రోలుకు సిటీలో 12, హైవే మీద 16 వేస్తున్నాను. డీజిల్‌కు సిటీలో 15, హైవే మీద 20.

పెట్రోలు కారుకు సిటీలో 50 లీటర్లు, హైవే మీద 25, మొత్తం 75 లీటర్లు పడుతుంది. లీటరు 107 చొప్పున 8,025 రూపాయలు. డీజిల్ కారుకు 40, 20 కలిపి 60 లీటర్లు. లీటరు 96 చొప్పున 5,760. అంటే డీజిల్ తీసుకుంటే నెలకు మీకు మిగిలేది 2,265 రూపాయలు.

మరి డీజిల్ కోసం అదనంగా కట్టేదెంత? ధరలో తేడా 1.95 లక్షలు. మీ డౌన్ పేమెంట్ ఏ కారుకైనా అదే 5 లక్షలు కాబట్టి ఈ తేడా మొత్తం లోన్ మీదికే వెళుతుంది. 9 శాతానికి ఐదేళ్లకు దాని ఈఎంఐ దాదాపు 4,050. బంకులో 2,265 మిగుల్చుకోవడానికి బ్యాంకుకు 4,050 కడతారన్నమాట. ఐదేళ్లలో ఆ తేడా కోసం కట్టేది వడ్డీతో కలిపి 2.43 లక్షలవుతుంది.

ఇంకో చిన్న ఖర్చుంది. డీజిల్ సర్వీసింగ్‌లో ఆయిలు, ఫిల్టర్ల బిల్లు కాస్త ఎక్కువొస్తుంది. కారు విలువ ఎక్కువ కాబట్టి సొంత డ్యామేజీ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా పెరుగుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియంలో మాత్రం తేడా ఉండదు, రెండు ఇంజిన్లూ 1500 సీసీ లోపువే. నా అంచనాగా వీటన్నిటికీ ఏడాదికి 5,000 తీసేస్తే, డీజిల్ మీద ఏడాదికి నికరంగా మిగిలేది 22,000 పైచిలుకు. 2.43 లక్షలు తిరిగి రావాలంటే పదకొండేళ్లు పడుతుంది. లోన్ లేకుండా చేతి డబ్బుతో కొన్నా దాదాపు తొమ్మిదేళ్లు. మీలో ఎంతమంది ఒకే కారును పదకొండేళ్లు ఉంచుకుంటారో నాకంటే మీకే బాగా తెలుసు.

అమ్మేటప్పుడు డీజిల్‌కు ఎక్కువొస్తుంది కదా అని మీరు అడగొచ్చు. కొంత రావచ్చు. కానీ ఏడెనిమిదేళ్ల తర్వాత పాత డీజిల్ కారుకు గిరాకీ ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరూ రాసివ్వలేరు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలు హైదరాబాద్‌కు వర్తించవు. అయినా కొనేవాళ్ల మనసులో ఆ భయం ఉంది. అందుకే రీసేల్‌లో వచ్చే డబ్బును నేను ఏ ప్లానులోనూ లెక్కేయను. వస్తే సంతోషం, అంతే.

మైలేజీ, పికప్ గురించి మీ బావగారి మాటను తోసిపుచ్చలేం. ఇది కాస్త వివరంగా చెప్పాలి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తారు. అంత గట్టిగా నొక్కడం వల్ల ఇంధనంలోంచి ఎక్కువ పని రాబట్టుకుంటుంది. పైగా ఒక లీటరు డీజిల్‌లో ఉండే శక్తే పెట్రోలుకన్నా పది శాతం పైన ఎక్కువ. ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు పెట్రోలు ఇంజిన్ గాలిని పీల్చుకోవడానికే కొంత బలం వృథా చేసుకుంటుంది, డీజిల్‌కు ఆ బాధ తక్కువ. అందుకే కిలోమీటరుకు మిగిలే డబ్బు సిటీలోనే ఎక్కువ కనిపిస్తుంది. పై అంకెల ప్రకారం సిటీలో కిలోమీటరుకు రెండున్నర రూపాయలు, హైవే మీద రెండు రూపాయల లోపు. డీజిల్ అంటే హైవే బండి అనుకునేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

ఇక లాగే బలం. మీరు చూస్తున్న రెండు ఇంజిన్లకూ పవర్ దాదాపు ఒకటే, 115 పీఎస్ చుట్టుపక్కల. టార్క్‌లో, అంటే చక్రాల్ని తిప్పే బలంలో మాత్రం చాలా తేడా ఉంది. పెట్రోలుకు 144 ఎన్ఎం, అదీ 4,500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. డీజిల్‌కు 250 ఎన్ఎం, 1,500 ఆర్పీఎం నుంచే. విజయవాడ హైవే మీద చిన్న ఎత్తు ఎక్కుతున్నారనుకోండి. డిక్కీ నిండా సామాను, లోపల ఐదుగురు, ముందు ఇసుక లారీ. డీజిల్ అయితే ఉన్న గేరులోనే యాక్సిలరేటర్ నొక్కితే బండి ముందుకు దూకుతుంది. పెట్రోలు అయితే రెండు గేర్లు దించాలి, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, ఓవర్‌టేక్‌కు ఇంకాస్త ఖాళీ రోడ్డు చూసుకోవాలి. దాటలేక ఆగిపోదు, కానీ సుఖంగా దాటదు. నెలకు ఒక్క ప్రయాణంలో, నాలుగు వరసల రోడ్డు మీద ఆ సుఖం కోసం 4,050 కట్టాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నన్నడిగితే వద్దంటాను. ఆ పికప్పే కావాలంటే టర్బో పెట్రోలు ఇంజిన్ ఉంది, 160 పీఎస్, 253 ఎన్ఎం. కానీ అది పై వేరియంట్లలో వస్తుంది, మీ బడ్జెట్ దాటిపోతుంది, కాలు గట్టిగా నొక్కితే మైలేజీ కూడా దిగుతుంది. దాని జోలికి వెళ్లకండి.

డీజిల్‌కు సంబంధించి షోరూంలో సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది, డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఇది. పట్టిన మసిని అప్పుడప్పుడూ బాగా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. ఆ పని పూర్తవాలంటే బండి ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవాలి. పిల్లల్ని బడిలో దింపి రావడం, కూరగాయలకు వెళ్లడం లాంటి రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడులో ఇంజిన్ వేడెక్కేలోపే కీ తిప్పేస్తాం. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. లైటు వెలిగిన రోజే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి కాసేపు నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. పట్టించుకోకుండా వారాల తరబడి తిరిగితే ఫిల్టర్ మార్పించుకోవాల్సి రావచ్చు, అది చిన్న బిల్లు కాదు. మీరు నెలనెలా ఖమ్మం వెళ్తారు కాబట్టి మీకు ఈ టెన్షన్ తక్కువే. పూర్తిగా సిటీలోనే తిరిగేవాళ్లకు మాత్రం, మిగిలే రెండున్నర రూపాయల్ని చూసి డీజిల్ కొనవద్దనే చెబుతాను.

మీ లెక్కలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంధనం కాదు, ఈఎంఐ. పెట్రోలు కారుకు లోన్ 10.20 లక్షలు, ఈఎంఐ 21,200 దాకా. ఇంటి లోన్‌తో కలిపితే 63,200, చేతికొచ్చే జీతంలో 40 శాతానికి ఒక మెట్టు కింద ఆగుతుంది. డీజిల్ అయితే 67,200, అంటే 42 శాతం. ఇద్దరిలో ఒకరి జీతం ఆరు నెలలు ఆగినా ఇంటి కిస్తీ తప్పకూడదు. అందుకని ఈఎంఐలన్నీ కలిపి 40 శాతం దాటనివ్వకండి. నిజానికి పెట్రోలు క్రెటా కూడా మీకు అంచుల మీదే ఉంది. ఒక వేరియంట్ కిందికి దిగి లక్ష రూపాయలు తగ్గించుకోగలిగితే నాకు ఇంకా సంతోషం. సన్‌రూఫ్ కోసం ఐదేళ్లు నెలకు రెండు వేలు కట్టడం నాకైతే మనసొప్పదు. ఎఫ్‌డీల్లో మిగిలే 3 లక్షలను మాత్రం యాక్సెసరీల కోసమనో, సీటు కవర్ల కోసమనో కదిలించకండి. అది ఆసుపత్రికి, ఉద్యోగం పోయిన నెలలకు.

డీజిల్ వద్దనుకుంటే ఈఎంఐలో తగ్గే 4,050లోంచి బంకులో ఎక్కువయ్యే 2,265 తీసేయగా నెలకు 1,800 దాకా మీ చేతిలో ఉంటుంది. దాన్ని కారు పేరుతోనే ఒక ఆర్‌డీలో వేయండి. ఏటా వచ్చే ఇన్సూరెన్స్, నాలుగైదేళ్లకు మార్చాల్సిన టైర్లు అందులోంచే వెళ్లిపోతాయి.

నా సలహా ఎప్పుడు తిరగబడుతుందో కూడా చెప్పాలి. మీ తిరుగుడు నెలకు రెండు వేలు దాటితే, అంటే ఏడాదికి 25,000 కిలోమీటర్లయితే, డీజిల్ మీద ఏడాదికి 50,000 దాకా మిగులుతుంది, ఐదేళ్లలోపే తేడా తిరిగొచ్చేస్తుంది. వారానికోసారి ఖమ్మం వెళ్లేవాళ్లు, జిల్లాలు తిరిగే మెడికల్ రెప్‌లు, సైట్లు తిరిగే ఇంజినీర్లు నిశ్చింతగా డీజిల్ తీసుకోవచ్చు. మీ ఇద్దరిలో ఎవరికైనా ఏడాదిలో అలాంటి బదిలీ వచ్చే అవకాశముంటే, ఇప్పుడే బుక్ చేయకుండా ఆ సంగతి తేలేదాకా ఆగండి.

మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తారేమో కూడా ఒకసారి అసోసియేషన్‌ను అడగండి. రోజుకు 26 కిలోమీటర్లు ఎలక్ట్రిక్ కారుకు సరిగ్గా సరిపోయే దూరం. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపును 2026 డిసెంబరు 31 దాకా ప్రకటించారు. చార్జింగ్‌కు కుదరదంటే ఆ ఆలోచన అక్కడితో వదిలేయండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు మీద పెట్రోలు బండిని నడిపి చూడండి. వీలైతే మీ బావగారినీ తీసుకెళ్లండి. ఆ బరువుతో మీకు ఇబ్బంది అనిపించకపోతే బుక్ చేసేయండి. కొటేషన్‌లో ఇన్సూరెన్స్ షోరూం వాళ్లదే వేసి ఉంటారు. దాన్ని బయట తీసుకునే హక్కు మీకుంది, కాబట్టి అదే ఐడీవీకి (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ) మరో రెండు కంపెనీల దగ్గర ధర కనుక్కున్నాకే అడ్వాన్స్ కట్టండి.